ఎనుమాముల కాంటా గదిలో ఏడేళ్లు: ఏథ్9కే డ్రైవర్, దాని క్యాలిబ్రేషన్ వేళలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్ వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్లు, కెమెరాలు, నెట్‌వర్క్ చూసుకునే పని నాది. గేటు దగ్గర కాంటా గది, లోపల ఆఫీసు, మధ్యలో దాదాపు 240 మీటర్లు. కాంటా మీద బండి నిలబడగానే తూకం ఆఫీసు కంప్యూటర్‌లో పడాలి, చీటీ అక్కడ ప్రింటవ్వాలి. మిర్చి సీజన్‌లో ఈ లింకు పది నిమిషాలు ఆగితే చాలు, ట్రాలీల వరుస గేటు దాటి రోడ్డెక్కుతుంది. మొదట్లో కేబులే వేశాం. రెండుసార్లు లారీ చక్రాల కింద నలిగి తెగింది. అప్పటి నుంచి వైర్‌లెస్ మీదే నడుస్తోంది.

2018 ఫిబ్రవరి నుంచి ఇప్పటిదాకా రెండు వైపులా ఏఆర్9280 అనే వైఫై చిప్ ఉన్న మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డులే వాడుతున్నాం. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీలో పాత లాప్‌టాప్‌ల నుంచి తీసిన కార్డులు కొన్నాను. రెండూ లినక్స్ నడిచే చిన్న బోర్డుల్లో ఉన్నాయి. కాంటా వైపుది యాక్సెస్ పాయింట్, ఆఫీసు వైపుది దానికి కనెక్టయ్యే స్టేషన్. ఆ కార్డులను నడిపించే డ్రైవర్, అంటే లినక్స్‌లో ఉండే ప్రోగ్రాం, ఏథ్9కే. నేను రాస్తున్నది కార్డు గురించి కన్నా ఆ డ్రైవర్ గురించే. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అది తన రేడియోను ఎప్పుడు, ఎంత సేపటికోసారి సరిచూసుకుంటుందో దాని గురించి.

అంతకు ముందు రెండేళ్లు ఇంకో రకం కార్డు ఉండేది. చలికాలంలో ఏ ఇబ్బందీ లేదు. మార్చి చివర్లో ఎండ ముదిరాక మధ్యాహ్నం ఒంటిగంట దాటితే స్పీడు పడిపోయేది, కాసేపటికి లింకే తెగేది. కాంటా దగ్గర పనిచేసే తమ్ముడు ఫోన్ చేసేవాడు. "అన్నా, మల్లా గదే. గేటు కాడ పదకొండు బండ్లు నిలబడ్డయ్." "ఒకసారి బంద్ చేసి చాలు చెయ్ తమ్మీ" అనేవాడిని. చేస్తే బాగయ్యేది. గంట, గంటన్నరకు మళ్లీ ఫోన్. ఆ రెండు ఎండాకాలాలు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే చాలు, టెన్షన్ మొదలయ్యేది.

రీస్టార్ట్ చేస్తే ఎందుకు బాగవుతోందన్న ప్రశ్న నన్ను వదల్లేదు. వేడికి చిప్ పాడైతే రీస్టార్ట్‌తో బాగు కాకూడదు కదా. ఆ కార్డు డ్రైవర్ కోడ్ తెరిచి చూస్తే సంగతి తెలిసింది. ఆన్ అయినప్పుడు, చానల్ మారినప్పుడు మాత్రమే అది క్యాలిబ్రేషన్ చేస్తోంది. పొద్దున ఎనిమిదింటికి గది చల్లగా ఉన్నప్పుడు కొలుచుకున్న లెక్కతోనే, రేకుల కింద మండే మధ్యాహ్నం కూడా పనిచేస్తోంది. రీస్టార్ట్ చేస్తే ఆ క్షణం ఉన్న వేడికి తగ్గట్టు మళ్లీ కొలుచుకునేది. అదే మందు.

క్యాలిబ్రేషన్ అంటే ఏంటో మా కాంటా తమ్ముడికి కాంటాతోనే చెప్పాను. తూనికలు కొలతల శాఖ వాళ్లు ఏడాదికోసారి వచ్చి సరిచూసి ముద్ర వేసి వెళ్తారు. కార్డు తయారైనప్పుడు ఫ్యాక్టరీలో కొలిచి దాని మీదున్న ఈప్రామ్ మెమరీలో రాసిన విలువలు అలాంటివి, అవి మారవు. కానీ ముద్ర ఉంది కదా అని మనం ఊరుకోం. వాన పడితే ప్లాట్‌ఫాం మీద బురద పేరుకుంటుంది, కాబట్టి బండి ఎక్కే ముందు సున్నా వచ్చిందో లేదో చూస్తాం. రేడియోకు కూడా రోజంతా ఆ సున్నా చూసుకోవడం కావాలి. బండి మీదున్నప్పుడు కాంటాకు సున్నా పెట్టలేం. అలాగే చుట్టుపక్కల ఎవరో సిగ్నల్ పంపుతున్నప్పుడు కొలిస్తే, ఆ సిగ్నల్ కూడా మన సున్నాలో కలిసిపోతుంది. అందుకే ఈ పని ఎప్పుడు చేయాలన్న షెడ్యూలింగే అసలు కష్టం.

ఏథ్9కే ఇందులో చాలా శ్రద్ధగా రాసిన డ్రైవర్. దీనికి ఒక టైమర్ ఉంటుంది. అది లేచిన ప్రతిసారీ ఏ పనికి వేళయిందో చూస్తుంది, చేయాల్సింది చేస్తుంది, తర్వాత మళ్లీ ఎప్పుడు లేవాలో తనే లెక్కవేసుకుని పడుకుంటుంది. పొడవాటి క్యాలిబ్రేషన్ 30 సెకన్లకోసారి. అందులో నాయిస్ ఫ్లోర్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు కూడా వినిపించే గుసగుస ఎంతో కొలుస్తుంది. ఏఆర్9285 లాంటి కొన్ని చిప్‌లలో అదే వేళకు పవర్ యాంప్లిఫయర్ ఆఫ్‌సెట్‌ను కూడా సరిదిద్దుతుంది. పొట్టి క్యాలిబ్రేషన్ రిసీవర్ లోపలి తేడాలను, ముఖ్యంగా ఐక్యూ తేడాను, అంటే సిగ్నల్‌ను రెండు భాగాలుగా చదివేటప్పుడు వాటి మధ్య వచ్చే తేడాను సరిచేస్తుంది. దాని వేళ యాక్సెస్ పాయింట్‌కు 100 మిల్లీసెకన్లు, స్టేషన్‌కు 1 సెకను. అది పూర్తయ్యాక ఆగిపోతుంది, 20 నిమిషాల తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. వీటితో పాటు చుట్టూ ఉన్న గందరగోళాన్ని బట్టి రిసీవర్ ఎంత సున్నితంగా వినాలో సర్దుకునే ఏఎన్ఐ అనే పని కూడా ఇదే టైమర్ మీద నడుస్తుంది. అన్నిటిలో ఏది ముందు రావాలో దాన్ని బట్టే తర్వాతి లేవడం ఉంటుంది.

ఎండకు గాలిలోని నాయిసే పెరుగుతుందని నేను మొదట్లో అనుకునేవాణ్ణి. లెక్క వేస్తే అది నిజం కాదు. 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు పోయినా సహజమైన థర్మల్ నాయిస్ పెరిగేది అర డెసిబెల్ కూడా లేదు. జారిపోయేది చిప్ లోపలి యాంప్లిఫయర్ల బలం. 20 మెగాహెర్ట్జ్ చానల్‌కు సిద్ధాంతం ప్రకారం నాయిస్ మైనస్ 101 డీబీఎం (సిగ్నల్ బలం కొలిచే అంకె, సున్నాకు దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ), దాని మీద రిసీవర్ సొంత రొద కలిస్తే మైనస్ 95 దగ్గర కనపడుతుంది. ఐడబ్ల్యూ అనే కమాండ్‌తో సర్వే డంప్, అంటే చానల్ వారీ కొలతల జాబితా తీస్తే ఇది తెర మీదే చూడొచ్చు. మే నెలలో మా కాంటా గదిలో పొద్దునకూ మధ్యాహ్నానికీ మూడు నాలుగు డెసిబెల్స్ తేడా వస్తుంది. ఆ తేడాను ఈ డ్రైవర్ 30 సెకన్లకోసారి చూసుకుంటూ వెళ్తుంది కాబట్టి లింకుకు ఏమీ కాదు. ఏడు ఎండాకాలాల్లో మధ్యాహ్నం వేడికి లింకు తెగిందని ఒక్క ఫోనూ రాలేదు. నేను ఈ సమీక్ష రాయడానికి కారణం అదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది అది ఒక్క కొలతను నమ్మకపోవడం. చివరి ఐదు కొలతలు దగ్గర పెట్టుకుని, వరుసలో పేర్చి, నడిమిది తీసుకుంటుంది. పక్క షెడ్డులో ఎవరో క్షణంపాటు ఏదో ఆన్ చేసి ఆపితే ఆ ఒక్క కొలత చివరకు నెట్టేయబడుతుంది. నిజంగానే నాయిస్ పెరిగితే మూడు కొలతలు, అంటే ఒకటిన్నర నిమిషంలో కొత్త విలువకు వస్తుంది. నాయిస్ ఫ్లోర్ నెమ్మదిగా మారేది కాబట్టి పాత విలువ వాడినా ఫర్వాలేదని కోడ్‌లోనే వ్యాఖ్య రాసి పెట్టారు. రాసినవాళ్లకు రేడియో ఎలా నడుస్తుందో తెలుసన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

నెమ్మదిగా మారని సందర్భం కూడా మాకు ఎదురైంది. 2021 మార్చిలో పక్క యార్డులో కొత్తగా వైర్‌లెస్ కెమెరాలు పెట్టారు, మా చానల్ మీదే. యాక్సెస్ పాయింట్ సెకనుకు దాదాపు పదిసార్లు బీకన్ పంపాలి, అంటే "నేను ఇక్కడే ఉన్నాను" అని చెప్పుకోవాలి. గాలి ఖాళీ దొరక్క ఆ బీకన్లు వరుసగా ఇరుక్కుపోయాయి. అలాంటప్పుడు ఈ డ్రైవర్ 30 సెకన్ల వరకు ఆగదు. అడ్డంకి ఉన్నట్టు గుర్తుపెట్టుకుని వెంటనే నాయిస్ ఫ్లోర్ కొలత మొదలుపెడుతుంది. ఆ గుర్తు ఉన్నంతసేపూ పొడవాటి క్యాలిబ్రేషన్ 30 సెకన్లకు బదులు సెకనుకోసారి నడుస్తుంది. నాయిస్ మామూలుకు వచ్చాక గుర్తు తీసేసుకుంటుంది. ఆ రోజు లింకు నెమ్మదించింది కానీ తెగలేదు. సాయంత్రం నేను వెళ్లి చానల్ మార్చాను. పాత కార్డయితే తమ్ముడు పదిసార్లు బంద్ చేసి చాలు చేసేవాడు.

ఇబ్బందులు లేవని చెప్పను. ఆఫీసు వైపు బోర్డులో పవర్ సేవ్ ఆన్‌లో ఉండేది. రేడియో నిద్రలో ఉంటే క్యాలిబ్రేషన్ జరగదు, టైమర్ లేచినా దాటవేస్తుంది. అలా పదిసార్లు దాటితే, ఇక ఈసారి మెలకువ వచ్చినప్పుడు క్యాలిబ్రేషన్ అయ్యేదాకా పడుకోకూడదని తనకు తానే చెప్పుకుంటుంది. జాగ్రత్త మంచిదే. అయినా బండ్లు లేని సమయం తర్వాత వచ్చే మొదటి తూకం మా దగ్గర ఆలస్యంగా పడేది. పవర్ సేవ్ ఆపేశాక ఆ బాధ పోయింది. కరెంటుకు కట్టి ఉన్న బోర్డుకు అసలు అది అవసరమే లేదు, మొదటి రోజే ఆపాల్సింది.

ఇంకోటి, ఈ వేళలను మనం మార్చుకునే మీట ఏదీ లేదు. 30 సెకన్లు, 20 నిమిషాలు అన్నీ కోడ్‌లో రాసిపెట్టిన అంకెలు. కోల్డ్ స్టోరేజీలో ఇదొక నిజమైన ఇబ్బంది. సరుకు లెక్క రాసుకునే లాప్‌టాప్‌లో కూడా ఇదే చిప్ ఉంది. ఎండలో యార్డు నుంచి చల్లటి చాంబర్‌లోకి దాన్ని తీసుకెళ్తే ఐదు నిమిషాల్లో ముప్ఫై డిగ్రీలకు పైగా మారుతుంది. నాయిస్ ఫ్లోర్ రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది, ఐక్యూ సవరణకు మాత్రం 20 నిమిషాల వరకు ఆగాల్సి రావచ్చు. ఒకసారి డ్రైవర్ మాడ్యూల్‌ను కోడ్ మార్చి మళ్లీ కంపైల్ చేసి 20ని 5 నిమిషాలకు తెచ్చి నెలరోజులు వాడాను. చాంబర్ లోపల పై స్పీడులు కొంచెం తొందరగా అందాయనిపించింది కానీ, తూకాల పనికి ఆ తేడా తెలియలేదు. లినక్స్ మూల భాగమైన కెర్నల్ అప్‌డేట్ అయిన ప్రతిసారీ మళ్లీ కంపైల్ చేయలేక పాత అంకెకే వచ్చేశాను. (చాంబర్‌లోంచి బయటకు తెచ్చిన లాప్‌టాప్‌ను వెంటనే తెరవకండి. తేమ పడుతుంది. పది నిమిషాలు బ్యాగులోనే ఉంచండి.)

2023లో ఒక పదిరోజులు ఈ డ్రైవర్‌ను నేను అన్యాయంగా తప్పుపట్టాను. కాంటా వైపు నాయిస్ ఉన్నట్టుండి మైనస్ 86కు చేరింది, తగ్గడం లేదు. క్యాలిబ్రేషన్‌లో తప్పుందనుకుని కోడ్ తిరగేశాను, కెర్నల్ మార్చాను. కారణం చివరికి బోర్డు పక్కనే దొరికింది. కెమెరాల రికార్డింగ్ కోసం ఆ వారమే యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్క్ పెట్టాం, యాంటెన్నాకు జానెడు దూరంలో. యూఎస్‌బీ 3 కేబుల్, కనెక్టర్ల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో పడుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసింది. డిస్క్‌ను బీరువా పైకి మార్చి, మంచి షీల్డు ఉన్న కేబుల్ వేస్తే మైనస్ 94కు దిగింది. డ్రైవర్ ఆ పదిరోజులూ నిజమే చెప్పింది, నేనే వినలేదు.

ఈ డ్రైవర్ పుట్టుక కూడా తెలుసుకోవాలి. అంతకు ముందు ఎథరోస్ (మా ఏఆర్9280ను తయారుచేసిన కంపెనీ) చిప్‌లకు మ్యాడ్‌వైఫై అనే డ్రైవర్ ఉండేది, దానిలో హార్డ్‌వేర్‌ను నడిపే ముఖ్య భాగం మూసి ఇచ్చేవారు. 2008లో ఎథరోస్ కంపెనీయే ఏథ్9కేను పూర్తి సోర్స్‌తో విడుదల చేసింది, అదే ఏడాది వచ్చిన లినక్స్ 2.6.27 కెర్నల్‌లో చేరింది. 2011లో ఆ కంపెనీని క్వాల్‌కామ్ కొనుక్కుంది. పీసీఐ కార్డులకు ఏథ్9కే ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల నడిచే విడి ప్రోగ్రాం, అడగదు; క్యాలిబ్రేషన్ వేళలు మొత్తం మనం చదవగలిగే కోడ్‌లోనే ఉన్నాయి. తర్వాతి తరానికి వచ్చిన ఏథ్10కే కార్డు లోపల నడిచే ఫర్మ్‌వేర్ మీద ఆధారపడుతుంది. ఆ కార్డులు వేగమైనవి, మా ఇంట్లోనూ ఒకటి బాగానే నడుస్తోంది. కానీ మధ్యాహ్నం రెండింటికి అది లోపల ఏం కొలుస్తోందో చూడాలంటే నాకు దారి లేదు. కాంటా గదికి మాత్రం కనపడేదే కావాలి.

కొత్తగా కొనేవాళ్లకు ఈ చిప్ చెప్పను. 802.11ఎన్ అనే పాత వైఫై తరం అది, ఇల్లంతా వీడియోలు చూసేవాళ్లకు సరిపోదు. రేకుల గది, మిల్లు, పౌల్ట్రీ షెడ్డు, మోటారు దగ్గరి కెమెరా లాంటి చోట, వేగం కన్నా తెగకుండా ఉండటం ముఖ్యమైన చోట, పాత కార్డు దొరికితే కళ్లు మూసుకుని పెట్టుకోండి. పవర్ సేవ్ ఆపండి, వారానికోసారి సర్వే డంప్ చూసి నాయిస్ అంకె రాసుకోండి.

ఈ ఏప్రిల్‌లో ఇంకో ఏఆర్9280 తెచ్చి కాంటా గది బీరువాలో పెట్టాను. కవర్ మీద ఏ యాంటెన్నా వైరు ఏ పిన్నుకో స్కెచ్ పెన్నుతో బొమ్మ గీసి రాశాను. నేను ఊళ్లో లేని రోజు కార్డు పోయినా తమ్ముడే మార్చుకుంటాడు.