ప్లేగు క్రిమి, దాని పూర్వీకుడు

హనుమకొండలో మైక్రోబయాలజీ చదివే పిల్లలకు ప్లేగు తెచ్చే బ్యాక్టీరియా యెర్సీనియా పెస్టిస్‌ను, దాని పూర్వీకుడు యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్‌ను పక్కపక్కనే పెట్టి చెప్పాలి. జన్యువులు దాదాపు ఒకటే. గుణంలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత దూరం.

రెండోది పాతది. తిండి, నీటి ద్వారా పేగుల్లో చేరుతుంది. జ్వరం, కడుపునొప్పి తెచ్చినా చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. అంతే.

పెస్టిస్ దాని నుంచే కొన్ని వేల ఏళ్ల కిందట విడిపోయి, అదనంగా రెండు ప్లాస్మిడ్లు (ప్రధాన క్రోమోజోమ్‌కు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయాలు) సంపాదించింది. ఒకదానిలోని పీఎల్ఏ జన్యువు తయారుచేసే ప్రోటీన్ రక్తపు గడ్డలు కరిగేలా చేసి, క్రిమి ఒంట్లో పాకడానికి దారి తీస్తుంది. మరోదానిలోని వైఎంటీ జన్యువు, ఎలుకల రక్తం పీల్చే ఫ్లీ అనే రెక్కల్లేని పురుగు కడుపులో క్రిమిని బతికిస్తుంది. సుమారు 5,000 ఏళ్ల నాటి అస్థిపంజరాల్లో దొరికిన పెస్టిస్‌లో ఈ వైఎంటీ లేదు.

నన్ను ఆశ్చర్యపరిచేది సంపాదన కాదు, పోగొట్టుకున్నది. పేగు కణాల్లోకి చొరబడటానికి పనికొచ్చే ఇన్వేసిన్ జన్యువు పాడైపోయింది. యూరియాను విడగొట్టే యూరియేజ్ ఎంజైమ్ కూడా మూలపడింది. అది పనిచేస్తే మోసే పురుగుల్లోనే కొన్ని చచ్చేవి!

ఏనుమాముల మార్కెట్ బస్తాల మధ్య ఎలుక కనబడగానే ప్లేగు అని హడలిపోనక్కర్లేదు. ఆ పురుగూ, అందులో ఈ క్రిమీ ఉండాలి. ఒకవేళ సోకినా, సకాలంలో ఇస్తే స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు పనిచేస్తాయి.