జాగ్రత్త: మీ మాట పూర్తికాకముందే మందు రాసేసే చోటికి వెళ్ళకండి

మోకాలి నొప్పికని ఈమధ్య నాన్నను ఒక కొత్త క్లినిక్‌కి తీసుకెళ్ళాను. మా ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి దాని పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ మాకు జరిగింది ఎవరికైనా జరగొచ్చు. డబ్బు కట్టి వెళ్ళే ముందు ఒకసారి ఇది చదవండి.

నాన్నకు గుండె లయ తప్పే సమస్య ఉంది. రక్తం గడ్డకట్టకుండా చాలాకాలంగా వార్ఫరిన్ మాత్ర వాడుతున్నారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే ఆయనకి ముందురోజు నుంచే టెన్షన్. అందుకని రాత్రి కూర్చుని ఒక కాగితం మీద అన్నీ రాసుకున్నారు. నొప్పి ఎప్పుడు మొదలైంది, మెట్లు ఎక్కేటప్పుడు ఎక్కువా దిగేటప్పుడు ఎక్కువా, రోజూ వేసుకునే మందులేమిటి, చివర్లో రెండు ప్రశ్నలు. దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

లోపలికి వెళ్ళాక డాక్టర్ కంప్యూటర్ మీంచి చూపు తిప్పలేదు. తన పేరు చెప్పలేదు, నాన్న పేరు అడగలేదు. "ఈయనకి నొప్పి ఎన్నాళ్ళ నుంచి?" అని నన్ను అడిగారు. నాన్న పక్కనే ఉన్నారు. ఆయనకి చెవులు బాగానే వినిపిస్తాయి, మాట స్పష్టంగా ఉంటుంది, మతిమరుపు లేదు. అయినా ప్రతి ప్రశ్నా నాకే. నాన్న జేబులోంచి కాగితం తీసి, "డాక్టరుగారూ, నేను ఒక మాత్ర..." అన్నారో లేదో, "ఈ వయసులో మోకాళ్ళు అరగడం మామూలేనండీ, మందు రాస్తాను" అని ఆయన టైప్ చేయడం మొదలుపెట్టారు. నాన్న కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచి జేబులో పెట్టేసుకున్నారు. నేను కూడా నోరు తెరవలేదు. అప్పుడు మాట్లాడనందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మందుల షాపులో ఉన్న అమ్మాయి చీటీ చూసి, "ఇంకేమైనా మందులు వాడుతున్నారా సార్?" అని నేరుగా నాన్ననే అడిగింది. నాన్న వార్ఫరిన్ అనగానే ఆమె చేయి ఆగిపోయింది. డాక్టర్ రాసిచ్చింది డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర. ఈ రెండూ కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే ప్రమాదం బాగా పెరుగుతుందని, గుండె డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దని చెప్పి పంపింది. ఆ ఒక్క ప్రశ్న ఆమె అడగకపోయి ఉంటే ఆ రాత్రే నాన్న ఆ మాత్ర వేసుకునేవారు.

గౌరవం అంటే మనలో చాలామంది మర్యాదగా పలకరించడమే అనుకుంటాం. డాక్టర్ కాస్త విసుక్కున్నా, వైద్యం బాగుంటే చాల్లే అని సర్దుకుపోతాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ రోగి మాట వినకపోతే వైద్యమే తప్పిపోతుంది. ఏ మందు వాడుతున్నాడో, ఏది పడదో, ఇంతకుముందు ఏం జరిగిందో రోగే చెప్పాలి. చిన్నబోయిన మనిషి చెప్పడం మానేస్తాడు. నాన్న మానేశారు కదా.

టైం లేదు అంటారు. నిజమే, బయట వరస పెద్దగానే ఉంది, డాక్టర్ల మీద ఒత్తిడి నేను కాదనను. కానీ 1984లో అమెరికాలో జరిగిన ఒక అధ్యయనంలో, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్లు మధ్యలో అడ్డుకున్నారని తేలింది. 2002లో స్విట్జర్లాండ్ వాళ్ళు దీన్ని తిరగేసి చూశారు. రోగి తనంతట తాను ఆపేదాకా డాక్టర్‌ని మాట్లాడొద్దన్నారు. 335 మంది రోగులు సగటున 92 సెకన్లు మాట్లాడారు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ముగించారు. మనం అడిగేది ఆ రెండు నిమిషాలే.

పేరు చెప్పుకోవడం కూడా చిన్న విషయం కాదు. ఇంగ్లండ్‌లో కేట్ గ్రాంజర్ అనే డాక్టర్ ఉండేవారు. క్యాన్సర్ వచ్చి తనే రోగిగా ఆసుపత్రిలో ఉన్నప్పుడు, చూడ్డానికి వచ్చిన సిబ్బందిలో చాలామంది కనీసం తమ పేరు కూడా చెప్పడం లేదని గమనించారు. 2013లో 'హలో, నా పేరు ఫలానా' అని చెప్పుకుందామంటూ ఒక ఉద్యమం మొదలుపెట్టారు. 2016లో చనిపోయారు, ఉద్యమం మాత్రం చాలా దేశాలకు పాకింది. స్వయంగా డాక్టరైన ఆమెకే అలా అనిపించిందంటే మామూలు రోగుల సంగతి చెప్పాలా.

మీరు కొత్త చోటికి వెళ్తే వీటిని గమనించండి. మీ ముందే మీ గురించి ఇంకొకరితో మాట్లాడుతున్నారా? తెర వేయకుండానే బట్టలు తీయమంటున్నారా? ఏం చేస్తారో చెప్పకుండా సంతకం కోసం కాగితం ముందుకు తోస్తున్నారా? ప్రశ్న అడిగితే "డాక్టర్ మీరా నేనా" అంటున్నారా? వీటిలో ఒక్కటి ఎదురైనా అక్కడే ఆగండి. సంతకం పెట్టే ముందు చదవడానికి టైం అడగడం మీ హక్కు, వద్దనడం కూడా మీ హక్కే. పెద్దవాళ్ళకి తోడుగా వెళ్ళినవాళ్ళు మాత్రం నాలా మౌనంగా కూర్చోకండి. "ఆయన్నే అడగండి డాక్టర్‌గారూ, ఆయనే చెప్తారు" అంటే చాలు. వాడే మందుల పేర్లున్న కాగితం జేబులో ఉంచకుండా, వెళ్ళగానే బల్ల మీద పెట్టేయండి. వచ్చే ముందు, ఏ మందు ఎప్పుడు ఎందుకు వేసుకోవాలో మీకు అర్థమైనట్టు తిరిగి చెప్పి, సరేనా అని అడగండి. మంచి డాక్టర్ దానికి విసుక్కోరు.

తర్వాత గుండె డాక్టర్ సలహా మీద ఇంకొకరి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ కుర్చీ నాన్న వైపు జరుపుకుని కూర్చుని, "చెప్పండి" అని ఊరుకున్నారు. నాన్న కాగితం విప్పి మొదటి లైను నుంచి చివరి ప్రశ్న దాకా చదివారు. వార్ఫరిన్ ఉందని అక్కడే తెలిసింది కాబట్టి నొప్పికి పైపూత కూడా గుండె డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడాకే రాశారు, కాలికి వ్యాయామాలు నేర్పించారు. వచ్చే వారం ఐ.ఎన్.ఆర్. పరీక్ష ఉంది, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చూసే రక్తపరీక్ష.

మొదటి క్లినిక్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను, ఆ రోజు చీటీ కాపీ జతచేశాను. ఇంతవరకు జవాబు రాలేదు. వస్తే ఇక్కడే రాస్తాను. మీకూ ఇలాంటిది జరిగి ఉంటే చీటీలు మాత్రం పారేయకండి, ఫిర్యాదుకు అవే ఆధారం.