బలి ఇవ్వడమా, త్యాగం చెయ్యడమా, ఏది మేలు?

మా ఊరి జాతరలో మేకని కొట్టే ముందు దాని నెత్తిన పసుపు నీళ్లు పోసి అందరూ చుట్టూ నిలబడి చూస్తారు, అది ఒళ్లు విదిలించిందంటే ఒప్పుకున్నట్టే లెక్క. చన్నీళ్లు పడితే ఏ జంతువైనా విదిలిస్తుంది కదండీ. చిన్నప్పుడు అదే అడిగితే నోరు ముయ్యమన్నారు. అప్పట్నుంచీ త్యాగం అనే మాట ఎక్కడ విన్నా నాకొచ్చే డౌట్ ఒకటే, ఇంతకీ ఒప్పుకున్నది ఎవరు అని.

మన భాషలోనే తేడా ఉంది చూడండి. బలి ఇచ్చారు అంటే ఇచ్చేది ఒకడు, పోయేది ఇంకోటి. బలైపోయాడు అంటే వాడిని ఎవరూ అడగలేదని. త్యాగం అన్నప్పుడు మాత్రం తనది తనే వదులుకోవాలి.

దేవుడి దగ్గర ఈ రెండూ కలిసిపోతాయి. మేడారంలో నిలువెత్తు బంగారం అని తమ బరువుకి సరిపడా బెల్లం తూయించి సమ్మక్క సారలమ్మలకి ఇస్తారు. అక్కడా కోళ్లు, మేకలు కోస్తారు, కాదన్ను, కానీ నీ బరువు నువ్వే తూయించుకుని నీ డబ్బుతో కొని ఇవ్వడం నాకు మేలనిపిస్తుంది, ఇంకో ప్రాణాన్ని అడ్డం పెట్టట్లేదు కదా. పైగా ఆ తల్లులు కరువులో పన్ను కట్టలేమని కాకతీయుల సైన్యంతో పోరాడి పోయారనే కదా కథ, అంటే జనం కోసం ప్రాణాలిచ్చిన మనుషులకే మొక్కుతున్నాం.

రాజకీయంలో ఇది బాగా కష్టం. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో నిరాహారదీక్షకి కూర్చున్నారు, 58 రోజుల తర్వాత డిసెంబర్ 15న పోయారు, నాలుగు రోజులకే నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ప్రకటించాడు. ఆయన తెలిసే కూర్చున్నారు, అందులో డౌట్ లేదు. కానీ ఆయన పోయాక రోడ్ల మీదకొచ్చి పోలీసు కాల్పుల్లో పోయినవాళ్లు? వాళ్లని ఎవరడిగారు? అన్ని రోజులు ఒక మనిషి ఎండిపోతుంటే చూస్తా ఊరుకున్న ప్రభుత్వానిది ఏ పాపం?

నన్నడిగితే ఆయనదే 1946 నాటి దీక్ష ఇంకా గొప్పది. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుళ్లోకి హరిజనుల్ని రానివ్వాలని పస్తున్నారు. ఆయన్ని ఆ గుడి ఎప్పుడూ ఆపలేదు, తనకి అవసరం లేని తలుపు కోసం ఆకలి పడ్డారు, తలుపు తెరుచుకుంది, మనిషీ మిగిలాడు. రాజకీయంలో త్యాగం అంటే నాకిది మేలు, ఎందుకంటే చావు మీద రాష్ట్రం వస్తే తర్వాత వచ్చే ప్రతి ఉద్యమానికీ ఒక శవం కావాల్సొస్తుంది, తెలంగాణలో ఎంతమంది పిల్లలు ఒంటికి నిప్పంటించుకున్నారో చూశాం కదా, ఆ తల్లులకి ఏం చెప్తాం.

ఇక నీతి అంటే నాకు డొక్కా సీతమ్మ గారే. లంకల గన్నవరంలో గోదావరి దాటి వచ్చేవాళ్లకి వేళాపాళా లేకుండా వండి పెట్టిన మనిషి, 1909లో పోయారు. ఒకసారి అంతర్వేది స్వామిని చూడ్డానికి బయల్దేరి, దారిలో పెళ్లివాళ్లు సీతమ్మ గారింటికెళ్తే అన్నం దొరుకుతుందని మాట్లాడుకోవడం విని వెనక్కి తిరిగి ఇంటికొచ్చి వండారని చెప్తారు. దేవుడు ఒక పక్క, ఆకలి ఒక పక్క, ఆవిడ ఎవరినీ అడక్కుండా ఇటే తిరిగింది. దేవుడు, రాజకీయం, నీతి, ఈ మూడు చోట్ల త్యాగాల్లో నా ఓటు దీనికే.

అయితే ఇక్కడా ఒక చిక్కుంది. ఆడవాళ్ల త్యాగం అనగానే మనం చప్పట్లు కొట్టి కూర్చుంటాం. జాతర మాంసం వండిన రోజు మా అమ్మ ముక్కలన్నీ అందరికీ వేసి తను పులుసు కలుపుకుని తినేది, అమ్మది ఎంత త్యాగమో అనేవాళ్లు బంధువులు. మొన్న పండక్కి అమ్మని ముందు కూర్చోబెట్టి నేను వడ్డించా, అన్నేళ్లూ ఇష్టమయ్యే అలా తిన్నావా అమ్మా అని అడిగా. కాసేపు కంచంలోకి చూసి, "నన్నెవరడిగార్రా" అంది.