అనుదినాహారమా, రేపటి ఆహారమా? ‘ఎపియూసియోస్’కు ఏ అర్థం మేలు?

“మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము.” ప్రభువు ప్రార్థనలోని ఈ మాట తెలుగు క్రైస్తవుల ఇళ్లలో పిల్లలకు సైతం కంఠతా వచ్చు. ఇందులో ‘అనుదిన’ అన్న చోట గ్రీకులో ఉన్నది ‘ఎపియూసియోస్’. కొత్త నిబంధనలో ఇది రెండే చోట్ల కనిపిస్తుంది: మత్తయి 6:11, లూకా 11:3. రెండూ ఈ ప్రార్థనే. గ్రీకు క్షుణ్ణంగా తెలిసిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్ మూడో శతాబ్దంలోనే, ఇది పండితులూ వాడరు, పామరులూ వాడరు, సువార్తికులే కల్పించినట్టుంది అన్నాడు. ఆయనకే కొత్తగా తోచిన మాటకు మనం అర్థం తేల్చాలి.

ఒకప్పుడు ఒక ఆధారం దొరికిందనుకున్నారు. ఈజిప్టులోని హవారాలో బయటపడిన ఒక పపైరస్ మీద ఇంటి ఖర్చుల చిట్టా ఉంది. 1889లో దాన్ని ప్రచురించిన సేస్ అనే పండితుడు అందులో ఈ మాటనే చదివాడు. ఇంకేముంది, ‘రోజువారీ బత్తెం’ అన్న అర్థం నిఘంటువుల్లోకి ఎక్కింది. తర్వాత ఆ పపైరస్ ఎక్కడుందో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. చివరికి యేల్ విశ్వవిద్యాలయంలో దొరికితే, 1998లో మళ్లీ చదివారు. అక్కడున్నది ‘నూనె’ అన్న మాట! ఖర్చుల చిట్టాలో నూనె ఉండడంలో వింతేముంది?

‘అనుదిన’ అనడం పాత లాటిన్ అనువాదాల నాటి సంప్రదాయం. నోటికి హాయిగా ఉంటుంది, కానీ ఒక చిక్కుంది. ‘ప్రతిదినపు’ అనడానికి గ్రీకులో మామూలు మాట ‘కథేమెరినోస్’ ఉండనే ఉంది. అపొస్తలుల కార్యములు 6:1లో విధవరాండ్రకు జరిగే అనుదిన పరిచర్య గురించి చెబుతూ లూకాయే దాన్ని వాడాడు. ఆ మాట చేతిలో ఉండగా, ఎవరూ ఎరగని మాటను ఇక్కడ ఎందుకు పెట్టినట్టు? పైగా లూకా వాక్యంలో ‘దినదినము’ విడిగా ఉంది. ‘అనుదిన’ను దాని పక్కన చేరిస్తే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టవుతుంది.

బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోము దారి ఇంకా చిత్రం. ఒకే గ్రీకు మాటను లూకాలో ‘అనుదిన’గా ఉంచి, మత్తయిలో మాత్రం ‘సూపర్‌సబ్‌స్టాన్షియాలెమ్’ అన్నాడు. అంటే పదార్థానికి అతీతమైన ఆహారం. ‘ఎపి’ (పైన), ‘ఊసియా’ (ఉనికి, పదార్థం) అని మాటను విడదీసి చేసిన అర్థం అది. ప్రభు రాత్రి భోజన సంస్కారానికి ఇది అందంగా అతుకుతుంది. కానీ తప్పిపోయిన కుమారుడు తండ్రిని అడిగిన ‘ఆస్తి’కి లూకా 15లో ఉన్న మాట కూడా ‘ఊసియా’యే. గలిలయ పల్లెజనానికి నేర్పిన ప్రార్థనలోకి తత్త్వశాస్త్రాన్ని చొప్పించడం నాకు మింగుడుపడదు.

అదే ‘ఊసియా’ నుంచి ‘బతకడానికి కావలసిన’ అనీ చెప్పవచ్చు. సిరియా భాషలోని పాత బైబిలు అనువాదం పెషిత్తా ‘మా అవసరపు రొట్టె’ అంటుంది. “తగినంత ఆహారము” అన్న సామెతలు 30:8తోనూ పొత్తు కుదురుతుంది. మన తెలుగు లూకా కూడా “మాకు కావలసిన అనుదినాహారము” అని రెండు అర్థాలనూ కలిపి పెట్టుకుంది. మంచి అర్థమే, కాదనను.

అయినా నా మొగ్గు ‘రాబోయే దినపు’ వైపే. ‘ఎపియూస’ అంటే మరునాడు. అపొస్తలుల కార్యములు 16:11లో పౌలు బృందం మరునాడు నెయపొలి చేరినప్పుడు ఉన్నది ఆ మాటే. వ్యాకరణపరంగా ఇంత దగ్గరి చుట్టం ఇంకొకటి లేదు. హెబ్రీయుల సువార్త అనే గ్రంథంలో ఇక్కడ ‘మహర్’, అంటే ‘రేపు’ అన్న మాటను చూశానని జెరోమే రాశాడు.

“రేపటిని గూర్చి చింతింపకుడి” అని ఈ ప్రార్థన ఉన్న మత్తయి 6వ అధ్యాయంలోనే 34వ వచనంలో ఉంది కదా, రేపటి తిండి అడగడమేమిటని కొందరి అభ్యంతరం. ఆ కాలపు కూలివాణ్ని తలచుకోండి. మత్తయి 20లోని ద్రాక్షతోటలో దేనారం కూలి చేతికందేది పొద్దుగూకాకే. ఆ కూలిని మరునాటివరకు ఆపకూడదని లేవీయకాండము 19:13 ఆజ్ఞాపించింది. సాయంత్రం చేతిలో పడిన ఆ నాణెం రేపటి పిండికి. అది అందిన ఇంట్లో ఆ రాత్రి చింత ఉండదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా సంగతీ అంతే: విశ్రాంతిదినానికి ముందురోజు రెండు రోజులది ఏరుకునేవారు, అంటే రేపటి ఆహారం నేడే.

అయితే ప్రార్థనలో మాట మార్చమంటారా? వద్దు. ‘రేపటి ఆహారము నేడు’ అంటే చెప్పేవారి నాలుక తడబడుతుంది. ‘అనుదిన’ అక్కడే ఉండనిచ్చి, ప్రసంగంలో ఆ కూలివాడి సాయంత్రం గురించి చెబితే చాలు.