ఆన్‌లైన్ డాక్టరు, పీడీఎఫ్ చీటీ: నాలుగేళ్ల వాడకం తర్వాత

ప్రభుత్వ ఈ-సంజీవని, ఆస్పత్రుల సొంత యాప్‌లు, మందులు కూడా అమ్మే ప్రైవేటు యాప్‌లు. ఈ మూడు రకాలనూ నాలుగేళ్లకు పైగా వాడాక తేలింది ఒకటే. వీడియో ఎంత స్పష్టంగా వచ్చింది, డాక్టరు ఎంత ఓపిగ్గా మాట్లాడారు అన్నవాటి కన్నా చివర్లో వచ్చే మందుల చీటీయే ముఖ్యం. ప్రమాదకరమైన పొరపాట్లు దొర్లేది అందులోనే, మనం పట్టుకోగలిగేదీ అక్కడే.

చాలా యాప్‌లలో కాల్ ముగిశాకే పీడీఎఫ్ వస్తుంది. అప్పటికి డాక్టరు ఇంకో రోగితో మాట్లాడుతూ ఉంటారు. అందుకని కాల్ పెట్టేసే ముందే ఒక్కో మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, తిండికి ముందా తర్వాతా, ఎన్ని రోజులు అని డాక్టరు నోటితోనే చెప్పించుకుని కాగితం మీద రాసుకోవాలి. పీడీఎఫ్ రాగానే దానితో సరిచూడాలి. రెండు నిమిషాల పని. తేడా కనబడితే మందు కొనకముందే చాట్‌లో అడగొచ్చు. చాలా సేవల్లో కాల్ తర్వాత కొన్ని రోజుల పాటు చాట్ తెరిచే ఉంటుంది.

షుగర్, బీపీ, థైరాయిడ్ మందులు పొడిగించుకోవడానికి, రక్తపరీక్షల రిపోర్టు చూపించడానికి, మొటిమలకు, ఆపరేషన్ తర్వాత కుట్లు ఎలా ఉన్నాయో చూపించడానికి, మానసిక సమస్యలకు క్రమం తప్పకుండా మాట్లాడటానికి ఆన్‌లైన్ సేవకు అయిదుకి నాలుగు మార్కులు వేస్తాను. కడుపునొప్పికి ఒక్క మార్కు కూడా వేయలేను. పొట్ట నొక్కి చూడకుండా అది గ్యాసో, అపెండిక్స్ వాపో తేల్చడం ఏ డాక్టరుకైనా కష్టమే. పిల్లల చెవినొప్పి కూడా అంతే. చెవిలోకి లైటు వేసి చూడాల్సిందే, లేకపోతే ఊహ మీద యాంటీబయోటిక్ రాస్తారు. ఛాతీనొప్పి, ఆయాసం, ఒక పక్క చెయ్యి కాలు పడిపోవడం, మాట తడబడటం, పాముకాటు, రక్తపు వాంతి, మూడు నెలల లోపు పసిబిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం, గర్భిణికి బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏది కనబడినా యాప్ తెరవకూడదు, 108కి ఫోన్ చేయాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనికొస్తుంది. ఆ సమయాన్ని టోకెన్ కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకోకూడదు.

ఆన్‌లైన్‌లో ఏ మందు రాయొచ్చన్నదానికి మన దేశంలో నియమాలున్నాయి. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు మందులను జాబితాలుగా విడదీశాయి. పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ లాంటివి ఏ రకం కాల్‌లోనైనా రాయొచ్చు. ఇవి 'ఓ' జాబితా. 'ఏ' జాబితాలోని మందులను మొదటిసారి రాయాలంటే వీడియో తప్పనిసరి. పాత జబ్బు మందులు పొడిగించడం కూడా ఇందులోకే వస్తుంది. ఒక జబ్బుకు నేరుగా చూపించుకుని ఆరు నెలలు దాటకపోతే, అదే జబ్బుకు ఇంకో మందు జోడించడం 'బీ' జాబితా. అమ్మకం మీద కఠినమైన ఆంక్షలుండే షెడ్యూల్ ఎక్స్ మందులు, మత్తుపదార్థాల చట్టం కిందికి వచ్చేవి సాధారణంగా ఆన్‌లైన్‌లో రాయకూడదు. అంటే నిద్రకూ ఆందోళనకూ వాడే అల్ప్రాజోలాం, నొప్పికి వాడే ట్రమడాల్, ఏకాగ్రత లోపానికి వాడే మిథైల్‌ఫెనిడేట్ కోసం నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. వీటిని ఫోన్‌లోనే రాసిచ్చే సేవ దొరికితే అది సౌకర్యం కాదు. ఆ సేవ మిగతా నియమాలనూ పాటించడం లేదని అర్థం చేసుకుని వదిలేయండి.

అదే మార్గదర్శకాల్లో రోగికి పనికొచ్చే మాటలు ఇంకా ఉన్నాయి. చీటీ మీద, రసీదు మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కృత్రిమ మేధ సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు. కాబట్టి చాట్‌లో ప్రశ్నలు అడుగుతున్నది మనిషో కాదో అడిగి తెలుసుకునే హక్కు మీకుంది. పిల్లలను చూపించేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. రోగి నేరుగా వస్తానంటే డాక్టరు ఆన్‌లైన్‌లోనే చూస్తానని పట్టుబట్టకూడదు. చీటీని మందుల షాపుకు నేరుగా పంపాలంటే మీ అనుమతి కావాలి, ఎక్కడ కొనుక్కోవాలన్నది మీ ఇష్టం.

రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే సరిపోదు, అది ఎవరిదో చూడాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంటుంది. రాష్ట్ర కౌన్సిల్ పేరు, నంబరు ఇస్తే డాక్టరు పేరు, నమోదైన సంవత్సరం కనబడతాయి. ఒకే నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు డాక్టర్లకు ఉండొచ్చు గనుక కౌన్సిల్ పేరు లేకుండా వెతికితే తప్పు మనిషి వస్తారు. ఎంబీబీఎస్ తర్వాతి చదువు కనబడకపోతే వెంటనే మోసం అనుకోనక్కర్లేదు, ఆ డిగ్రీని విడిగా నమోదు చేయించుకోకపోయి ఉండొచ్చు. పేరే సరిపోలకపోతే మాత్రం డబ్బు కట్టకండి.

మందులు అమ్మే యాప్‌లలో నాకు అస్సలు నచ్చనిది ఒకటుంది. ముందు మందు కార్టులో వేయమంటారు, చీటీ లేదంటే 'మా డాక్టరు ఫోన్ చేస్తారు' అంటారు. ఆ ఫోన్ ఒక నిమిషం కూడా సాగదు. 'ఇది ఇంతకుముందు వాడారా?' 'వాడాను.' అంతే, చీటీ తయారు. సరైన నిర్ధారణ లేకుండా మందు రాయడం వృత్తి నియమాల ప్రకారం తప్పు. అది అలా ఉంచితే, ఆ మందు మీ ఒంటికి సరిపోతుందా అని ఎవరూ చూడలేదన్నది అంతకన్నా పెద్ద సంగతి. డాక్టరు ముందు, మందు తర్వాత. ఈ వరుస తిరగబడిన చోట ఆ చీటీని చీటీగా లెక్కపెట్టొద్దు.

కాల్‌కు ముందు చేసే సన్నాహం మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. వాడుతున్న మందుల స్ట్రిప్పులన్నీ, ఆయుర్వేదం, చెట్ల మందులతో సహా, ఒక పళ్లెంలో పెట్టుకుని కెమెరాకు చూపించండి. 'బీపీ మాత్ర, తెల్లగా ఉంటుంది' అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. రక్తం పలుచబడే వార్ఫరిన్ వాడేవారికి మెట్రోనిడజోల్ రాస్తే రక్తస్రావం కావొచ్చు. కొన్ని బీపీ మాత్రలు, నీరు పోయే మాత్ర కలిపి వాడేవారికి నొప్పి మాత్ర కూడా తోడైతే కిడ్నీ దెబ్బతినొచ్చు. ఇవి ఫోన్ అవతలి డాక్టరుకు తెలిసే మార్గం మీరు చెప్పడమే. అలర్జీ, గర్భం, పాలివ్వడం, కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో చివరి క్రియాటినిన్ విలువ, బరువు అడగకపోయినా చెప్పండి.

బీపీ చూసుకునే ముందు అయిదు నిమిషాలు కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చెయ్యి బల్ల మీద ఉంచి, నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రెండు అంకెలూ చెప్పాలి. కాఫీ తాగి అరగంట కాకముందు చూసిన బీపీని డాక్టరుకు చెప్పొద్దు. ఆక్సిజన్ మీటరు పెట్టే వేలికి గోళ్ల రంగు ఉండకూడదు, చెయ్యి చల్లగా ఉండకూడదు, అంకె నిలకడయ్యేదాకా నిమిషం ఆగాలి. చర్మం మీద మచ్చలైతే పగటి వెలుతురులో, ఫిల్టర్ లేకుండా, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి పక్కన రూపాయి నాణెం పెట్టి ఫోటోలు తీసి ముందే అప్‌లోడ్ చేయండి. వీడియోలో రంగు మారిపోతుంది.

ఇక చీటీ. కంప్యూటర్‌లో తయారయ్యే చీటీలో చేతిరాత బాధ లేదు గానీ, జాబితాలోంచి ఎంచుకునేటప్పుడు పక్క వరుస మీద వేలు పడే ప్రమాదం ఉంది. థైరాక్సిన్ 12.5 మైక్రోగ్రాములు, 125 మైక్రోగ్రాములు రెండూ దొరుకుతాయి. చుక్క ఒక్కటే తేడా, డోసు పదింతలు. రోజూ వాడే మందులకు పెట్టిన 1-0-1 (పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి) వారానికోసారి వేసుకునే మందుకూ పడిపోవడం అన్నిటికన్నా భయపెట్టేది. కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ ఇచ్చే మిథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే నోటిపుళ్లతో మొదలై ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. దానికి తోడుగా రాసే ఫోలిక్ యాసిడ్ మిగతా రోజుల్లో వేసుకునేది కాబట్టి రెండిటినీ తారుమారు చేసుకునేవాళ్లున్నారు. వారం పేరు చీటీ మీద అక్షరాల్లో ఉండాలి, 'సోమవారం మాత్రమే' అని. విటమిన్ డి 60,000 యూనిట్ల గుళికదీ ఇదే బాధ. వారానికోసారి అని రాసింది రోజూ వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది.

పిల్లల సిరప్‌కు ఎన్ని మి.లీ. అని మాత్రమే రాసి ఉంటే అది సగం చీటీయే. పారాసిటమాల్ ఒక డోసుకు కిలోకు 10 నుంచి 15 మి.గ్రా. పది కిలోల బిడ్డకు 150 మి.గ్రా. అనుకుందాం. 5 మి.లీ.లో 120 మి.గ్రా. ఉన్న సీసాలోంచి 6.25 మి.లీ., 5 మి.లీ.లో 250 ఉన్నదాంట్లోంచి 3 మి.లీ., 1 మి.లీ.లో 100 ఉన్న చుక్కల మందైతే 1.5 మి.లీ. మాత్రమే. మామూలు సిరప్ లెక్కన చుక్కల మందు 6 మి.లీ. పోస్తే 600 మి.గ్రా. అవుతుంది, నాలుగింతలు. అందుకే చీటీ మీద బరువు, సీసా బలం, మి.లీ. మూడూ ఉండేలా చూడండి. కొలత గరిటె బదులు సిరంజి వాడండి.

పెద్దవాళ్లకు జలుబు మాత్ర, జ్వరం మాత్ర వేర్వేరు వరుసల్లో వేర్వేరు బ్రాండ్ పేర్లతో వస్తాయి. రెండిటిలోనూ పారాసిటమాల్ ఉండటం మామూలే. రోజుకు 4 గ్రాములు దాటకూడదు. జెనెరిక్ పేరు, అంటే లోపలున్న అసలు మందు పేరు, చదివితేనే ఇది తెలుస్తుంది. పెన్సిలిన్ అలర్జీ ఉన్నవాళ్లు అమోక్సిసిలిన్ అన్న పేరు కోసం వెతకాలి, బ్రాండ్ పేరులో అది కనబడదు. తామరకు రాసిన క్రీములో క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటే కారణం అడగండి. దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, తామర మాత్రం పాకుతుంది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ రాస్తే, గర్భం వచ్చే అవకాశమున్నవారు గర్భపరీక్ష గురించి మాట్లాడకుండా మొదటి మాత్ర వేసుకోకూడదు. కడుపులోని బిడ్డకు అది తీవ్రమైన అవకరాలు తెస్తుంది. 'ఎస్‌ఓఎస్' అంటే అవసరమైతేనే. రోజుకు ఎక్కువలో ఎక్కువ ఎన్ని అన్నది పక్కన రాయించుకోండి.

షాపులో మందు తీసుకునేటప్పుడు స్ట్రిప్ మీది జెనెరిక్ పేరు, బలం చీటీతో సరిపోతున్నాయా అని చూడటం చాలు, బ్రాండ్ మారితే కంగారు అక్కర్లేదు. కొన్ని యాంటీబయోటిక్‌లు, టీబీ మందులు షెడ్యూల్ హెచ్1 కిందికి వస్తాయి. షాపతను డాక్టరు పేరు, మీ పేరు రిజిస్టరులో రాసుకుంటే అది నియమమే, అభ్యంతరం పెట్టొద్దు. డాక్టరు మళ్లీ ఇవ్వొచ్చని రాయకపోతే ఒక చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. దీర్ఘకాలం వాడేవాళ్లు 'మూడు నెలలు' లాంటి మాట చీటీ మీదే రాయించుకుంటే ప్రతి నెలా ఫీజు కట్టే బాధ తప్పుతుంది.

డబ్బు యాప్‌లోపలే కట్టండి. వెతికితే దొరికే 'కస్టమర్ కేర్' నంబర్లలో నకిలీవి చాలా ఉన్నాయి. రీఫండ్ కోసం యూపీఐ పిన్ కొట్టమన్నా, ఏదో యాప్ వేసుకోమన్నా అది మోసమే. చీటీ, రసీదు, రిపోర్టులు యాప్‌లోనే వదిలేయకుండా తేదీ, జబ్బు పేరుతో ఫోన్‌లో దాచుకోండి. ప్రతిసారీ వేరే డాక్టరు వచ్చే సేవల్లో పాత చీటీ చూపించకపోతే మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. కాల్ చివర్లో ఇంకో ప్రశ్న కూడా అడగండి: 'ఏ లక్షణం వస్తే, ఎన్ని గంటల్లో, నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి?' ఆ జవాబును కూడా చీటీలోనే రాయమనండి.