హార్డ్ డిస్క్ ఎన్‌క్లోజర్: కొన్నేళ్లు వాడాక నేను చెప్పేది

మూలపడిన ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్‌ల నుంచి తీసిన హార్డ్ డిస్కులను ఎన్‌క్లోజర్లలో, అంటే డిస్కుని యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌కి కలిపే డబ్బాల్లో వేసుకుని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఒకటి 2.5 అంగుళాల ల్యాప్‌టాప్ డిస్కుకి సరిపోయే ప్లాస్టిక్ డబ్బా. యూఎస్‌బీ వైరు ఒక్కటి చాలు, వేరే కరెంటు అక్కర్లేదు. రెండోది 3.5 అంగుళాల డెస్క్‌టాప్ డిస్కు కోసం అల్యూమినియం బాడీతో వచ్చింది. దీనికి 12 వోల్టులు, 2 ఆంపియర్ల అడాప్టర్ ఉంటుంది. రెండూ సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్నవే. ఇంట్లో ఫొటోలు, పెళ్లి వీడియోలు, పాత స్కాన్ కాగితాలు అన్నీ వీటిలోనే ఉన్నాయి.

రెండూ కొనదగ్గవే. డబ్బా మొరాయించినప్పుడు ఏం చేయకూడదో తెలియక డేటా పోగొట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అందుకే ఎక్కువగా దాని గురించే రాస్తున్నాను.

బిగించడం పెద్ద పని కాదు. చిన్న డబ్బా మూత పక్కకు జరిపి, డిస్కుని బల్లపరుపుగా పెట్టి, సాటా పిన్నుల (డిస్కుకి డేటా, కరెంటు అందించే పిన్నులు) వైపు నెడితే కూర్చుంటుంది. పైనుంచి వంచి నొక్కితే పిన్నుల ప్లాస్టిక్ విరిగే ప్రమాదం ఉంది. ల్యాప్‌టాప్ డిస్కులు ఎక్కువగా 7 లేదా 9.5 మిల్లీమీటర్ల మందంలో వస్తాయి. 9.5 డబ్బాలో 7 డిస్కు వేస్తే లోపల కదులుతుంది, దాని బరువంతా పిన్నుల మీదే పడుతుంది. డబ్బాతో పాటు ఇచ్చే చిన్న స్పాంజి ముక్క అందుకే. దాన్ని పారేయకండి. పెద్ద డబ్బాలో స్క్రూలన్నీ బిగించాలి, లేదంటే డిస్కు తిరిగేటప్పుడు బల్ల మొత్తం జుమ్మంటుంది.

కొత్త డిస్కు పెట్టగానే కంప్యూటర్‌లో డ్రైవ్ లెటర్ రాదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఇనిషియలైజ్ చేయాలి, అంటే డిస్కుని వాడకానికి సిద్ధం చేయాలి. డిస్కులోని భాగాల వివరాలు రాసుకునే పద్ధతులు రెండు, జీపీటీ, ఎంబీఆర్. 2 టీబీ దాటిన డిస్కుకి జీపీటీ ఎంచుకోవాలి, ఎంబీఆర్ అంతకు మించి చూపించలేదు. ఇదంతా ఖాళీ డిస్కు సంగతి. డేటా ఉన్న డిస్కు పెట్టినప్పుడు ఇనిషియలైజ్ చేయమని గానీ ఫార్మాట్ చేయమని గానీ విండోస్ అడిగితే మాత్రం క్యాన్సిల్ నొక్కండి.

నాకు ఇది నిజంగానే ఎదురైంది. పాత ఎన్‌క్లోజర్‌లో ఫార్మాట్ చేసి వాడుతున్న 4 టీబీ డిస్కుని ఈ అల్యూమినియం డబ్బాలోకి మార్చాను. డిస్కు మామూలుగానే తిరుగుతోంది, సైజు కూడా సరిగ్గానే చూపిస్తోంది. కానీ లోపల పార్టిషన్ (డేటా ఉండే భాగం) లేదట, ఫార్మాట్ చేయమంటోంది. డిస్కు తీసి మళ్లీ పాత డబ్బాలో పెడితే ఒక్క ఫోల్డర్ కూడా పోలేదు! కారణం డబ్బాలో ఉండే చిన్న బోర్డు. సాటాని యూఎస్‌బీగా మార్చే చిప్ దాని మీదే ఉంటుంది. డిస్కు మీద డేటా రాసే చిన్న గడులను సెక్టార్లు అంటారు. కొన్ని పాత చిప్‌లు డిస్కుని 512 బైట్ల సెక్టార్లకు బదులు 4096 బైట్ల సెక్టార్లుగా కంప్యూటర్‌కి చూపిస్తాయి. ఆ లెక్కతో రాసిన పార్టిషన్ టేబుల్ (ఏ భాగం ఎక్కడుందో చెప్పే పట్టిక) వేరే చిప్‌కి దొరకదు, ఎందుకంటే అది వెతికే చోటు వేరు. పాత డబ్బాలోనే ఉంచి డేటా మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేసి, ఆ తర్వాత కొత్త డబ్బాలో ఫార్మాట్ చేసుకున్నాను. అప్పటి నుంచి ఇబ్బంది లేదు. కాబట్టి డిస్కు మార్చి, కొత్త డబ్బా పనిచేస్తోందని తేలేదాకా పాతదాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.

చిన్న డబ్బా విషయానికొస్తే, దాని సమస్యల్లో చాలావరకు కరెంటువే. యూఎస్‌బీ 2.0 పోర్టు నుంచి ప్రామాణికంగా వచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 నుంచి 900. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఒక ఆంపియర్ దాకా లాగే డిస్కులున్నాయి. చెవి దగ్గర పెట్టుకుని వినండి. సన్నగా ఒకే తీరున శబ్దం వస్తుంటే కరెంటు అందుతున్నట్టే. లేచి, టిక్కుమని ఆగి, మళ్లీ లేస్తుంటే ముందు పోర్టు మార్చండి. డెస్క్‌టాప్ అయితే వెనకాల, మదర్‌బోర్డు మీద ఉన్న పోర్టుకే పెట్టాలి. అడాప్టర్ లేని హబ్ వద్దు. అప్పటికీ టిక్ టిక్ ఆగకపోతే డిస్కే దెబ్బతిని ఉండొచ్చు. అప్పుడు దాన్ని పదే పదే ఆన్ చేయడం మంచిది కాదు.

తర్వాత అనుమానించాల్సింది వైరు. వెడల్పుగా, రెండు భాగాలుగా ఉండే ఆ మైక్రో-బీ పిన్ను కొన్నాళ్లకు వదులైపోతుంది. కాపీ వేగం చూస్తే తెలిసిపోతుంది. ఈ డిస్కు సెకనుకు 100 ఎంబీ దగ్గర్లో ఇవ్వాలి. ఉన్నట్టుండి 30, 35కి పడిపోయి అక్కడే ఉందంటే యూఎస్‌బీ 2.0 మీద కనెక్ట్ అయినట్టు. నా డబ్బాకి కొత్త వైరు వేయగానే మళ్లీ పాత వేగం వచ్చింది.

పెద్ద డబ్బా పెట్టిన అసలు టెన్షన్ వేరు. రెండు వేసవులు బాగానే నడిచాక, పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు మధ్యలో మాయమవడం మొదలైంది. బోర్డు మీద నీలం లైటు వెలుగుతూనే ఉంది. డిస్కు పోయిందనే ఎవరికైనా అనిపిస్తుంది. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో చూస్తే 05, సీ5 అనే రెండు వరుసల విలువా సున్నాయే. మొదటిది పాడై వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క, రెండోది చదవడం కష్టమవుతున్న సెక్టార్లది. ఇవి పెరగడం లేదంటే ముందు డిస్కుని కాకుండా చుట్టూ ఉన్నవాటిని చూడాలి. అడాప్టర్ మార్చాను, సమస్య పోయింది. చిన్న లైటు వెలిగించడానికి సరిపోయే కరెంటు, మోటారు తిప్పడానికి సరిపోలేదు. కొత్తది కొనేటప్పుడు 12 వోల్టులు, కనీసం 2 ఆంపియర్లు, మధ్య పిన్ను ప్లస్ అవునో కాదో పాతదానితో పోల్చుకున్నాను. ల్యాప్‌టాప్ చార్జర్ పిన్ను దీంట్లో పట్టేయొచ్చు, కానీ అది సాధారణంగా 19 వోల్టులు. పెడితే బోర్డు, డిస్కు రెండూ కాలిపోవచ్చు.

మన దగ్గర కరెంటు కోతలు కూడా గుర్తుంచుకోవాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, పెద్ద డబ్బా మాత్రం ఆ క్షణమే ఆగిపోతుంది. రాస్తున్న ఫైలు సగంలో తెగిపోతుంది. అందుకే దీన్ని యూపీఎస్‌కి పెట్టాను. గాలివాన మొదలైతే పెద్ద కాపీలు పెట్టుకోను. ఫ్యాన్ లేని డబ్బా కాబట్టి మే నెలలో గంటల తరబడి కాపీ చేస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. చాలా డిస్కుల పరిమితి 60 డిగ్రీలు. 50 దాటితే కాపీ ఆపేసి కాసేపు చల్లారనిస్తాను.

కాసేపు వాడకపోతే డబ్బా దానంతటదే నిద్రలోకి వెళ్తుంది, ఫోల్డర్ తెరిస్తే కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది. అది లోపం కాదు. కాపీ నడుస్తుండగా వైర్‌లెస్ మౌస్ ఎగిరెగిరి పడుతుంటే అది కూడా డబ్బా పనే, యూఎస్‌బీ 3.0 నుంచి వచ్చే రేడియో అలజడి మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డుపడుతుంది. మౌస్ రిసీవర్‌ని అవతలి వైపు పోర్టుకి మార్చాక నాకు సర్దుకుంది.

ఇప్పుడు కొనేవాళ్లు 2.5 డబ్బా అయితే సీ టైపు పిన్ను ఉన్నది తీసుకోండి, వైరు ఎక్కడైనా దొరుకుతుంది. 3.5 అయితే విడిగా అమ్మే మామూలు గుండ్రటి పిన్ను అడాప్టర్ పట్టేదే చూడండి. మీ డిస్కు షాపుకే తీసుకెళ్లి, డబ్బాలో పెట్టించి, పాత ఫోల్డర్లు తెరుచుకున్నాకే డబ్బులివ్వండి.