ఫోర్డ్ జీపీఏ రివ్యూ: ఇంజిన్ సంగతి తర్వాత, ముందు అడుగు రేకు చూడండి

యుద్ధకాలంలో నేలా నీరూ రెండిట్లో నడిచేలా చేసిన బండ్లలో, మామూలు షెడ్డులో పట్టేవి అంటే ముఖ్యంగా రెండు: జర్మన్ల ష్విమ్‌వాగన్, అమెరికా వాళ్ల ఫోర్డ్ జీపీఏ. డక్ కూడా ఉంది కానీ, అది 9 మీటర్లు దాటిన ఆరు చక్రాల లారీ. దానికి షెడ్డు చాలదు, గోడౌన్ కావాలి. ఈ రివ్యూ జీపీఏ గురించి. 1942, 43ల్లో 12,700 పైచిలుకు తయారయ్యాయి. వాటిలో చాలా బండ్లు రష్యాకు వెళ్లాయి.

దీని జాతకమంతా బరువులోనే ఉంది. మొదట అనుకున్నది 1,200 కిలోల బండి, తయారై వచ్చింది దాదాపు 1,600 కిలోలది. హల్ (నీళ్లలో తేలే పడవలాంటి ఒళ్లు) సైజు మాత్రం ఆ లెక్కన పెంచలేదు. అందుకే నీళ్లలో దిగితే పై అంచుకీ నీటిమట్టానికీ మధ్య పెద్దగా ఎడం ఉండదు. నిలకడ నీళ్లలో, నెమ్మదిగా పారే నదిలో హాయిగా పోతుంది, గాలికి అలలు లేచాయంటే లోపలికి నీళ్లే. "మరి ఆస్ట్రేలియా సాహసి బెన్ కార్లిన్ దీంట్లోనే కదా 1950, 51ల్లో అట్లాంటిక్ దాటాడు?" అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. ఆయన ముందూ వెనకా పొడిగించి, పైన క్యాబిన్ కట్టి, అదనపు ఇంధన ట్యాంకులు పెట్టుకుని వెళ్లాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండితో కాదు.

రీస్టోరేషన్‌లో జరిగే పెద్ద తప్పు కూడా బరువు దగ్గరే. తుప్పు పట్టిన రేకు తీసేసి, "గట్టిగా ఉంటుంది" అని మందం రేకు వేస్తారు. లెక్క చూడండి: స్టీలు రేకు 1 మిల్లీమీటరు మందం పెరిగితే చదరపు మీటరుకు దాదాపు 8 కిలోలు. అడుగు, పక్కలు కలిపి 10 చదరపు మీటర్లు మార్చితే 80 కిలోలు. ఈ సైజు హల్ ఒక సెంటీమీటరు మునగడానికి 60, 70 కిలోలు చాలు. అంటే అసలే తక్కువగా ఉన్న ఎడంలో ఒక సెంటీమీటరు పైనే మీరే తినేశారు. కాబట్టి పాత రేకు ఎంత మందమో కొలిచి, అంతే వేయండి. పాత రేకు మీద కొత్తది ఎక్కించి అతకడం ఇంకా అన్యాయం. రెండు రేకుల మధ్య తేమ చేరి, లోపలి నుంచే తినేస్తుంది. కుళ్లింది కోసేసి, అంచుకు అంచు ఆనించి, రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున అక్కడక్కడా వెల్డింగ్ చేస్తూ, చల్లారనిచ్చి మధ్య ఖాళీలు పూడ్చాలి. ఒకే గీతగా లాగితే రేకు అప్పడంలా వంకర తిరుగుతుంది. ఇసుక బ్లాస్టింగ్‌లో ప్రెషర్ ఎక్కువైనా అదే గతి.

కొనేటప్పుడు ఆలివ్ రంగు మెరుపు చూసి మోసపోవద్దు. మేడిపండు బండ్లు చాలా ఉన్నాయి. చిన్న అయస్కాంతం తీసుకెళ్లండి. అంటుకోని చోట రేకు లేదు, పుట్టీ ఉంది. చిన్న సుత్తితో తడుతూ పోండి. టంగుమంటే రేకు బాగున్నట్టు, బొదబొదమంటే లోపల పొరలుగా ఊడుతున్నట్టు. హల్ లోపలి పెట్టె దూలాలు బయటికి బాగా కనిపిస్తూనే లోపల ఖాళీ అయిపోతాయి. సన్న గొట్టం కెమెరా దూర్చి చూడాల్సిందే. అమ్మేవాళ్లు ఒప్పుకుంటే, బండిని ర్యాంపు మీద నిలబెట్టి లోపల 10 సెంటీమీటర్ల నీళ్లు పోయండి, అంతకు మించి వద్దు. కారిన ప్రతి చోటా కింద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఎన్ని గుర్తులో చూసుకుని బేరం మొదలుపెట్టొచ్చు.

మెకానికల్ పార్టుల విషయంలో భయం అక్కర్లేదు. 2.2 లీటర్ల, 60 హార్స్‌పవర్ ఇంజిన్, గేర్‌బాక్స్ చాలావరకు యుద్ధకాలపు జీపువే. అయితే జీపు వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 80 అంగుళాలు, దీనిది 84. కొలవకుండా జీపు జాయింటు షాఫ్టులు తెచ్చుకోవద్దు. దొరకనివి నీటి సామాన్లే: ప్రొపెల్లర్‌కు పవర్ ఇచ్చే గేర్ల పెట్టె, చుక్కాని, ముందు డెక్కు మీది తాడు చుట్టే క్యాప్‌స్టన్, అలలను అడ్డుకునే మడత రేకు. ఇవి లేని బండి ఎంత చవకైనా చవక కాదు. ఫోర్డ్ బోల్టుల తలల మీద ఎఫ్ గుర్తు ఉంటుంది. ఒరిజినాలిటీ పిచ్చి ఉన్నవాళ్లు వాటి కోసం డబ్బాలు తిరగేస్తుంటారు, పైకి కనిపించే చోట్ల అవి వేసుకుంటే చాలు.

నీళ్లు లోపలికి రాకుండా ఆపే సీల్స్ దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. 1999లో అమెరికాలోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర పర్యాటకులను తిప్పుతున్న ఒక డక్ మునిగి 13 మంది చనిపోయారు. వెనక డ్రైవ్ షాఫ్టు దగ్గరి రబ్బరు బూటు (తొడుగు) వదులై నీళ్లు లోపలికి దూరాయి. హల్ గుండా షాఫ్టు బయటికొచ్చే ప్రతి చోటా రబ్బరు కొత్తది వేయండి, క్లాంపు స్టెయిన్‌లెస్‌ది పెట్టండి. ఇంకో కనిపించని శత్రువు యాక్సిల్. రోడ్డు మీద వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, సీల్ సందుల్లోంచి నీళ్లు పీలుస్తుంది. ఊపిరి రంధ్రానికి గొట్టం బిగించి నీటిమట్టం పైదాకా తీసుకెళ్తే ఆ బాధ తగ్గుతుంది. ఈత అయ్యాక ఆయిల్ పాల టీలా కనిపిస్తే నీళ్లు చేరినట్టే, అదే రోజు మార్చండి. ఒడ్డెక్కాక బ్రేకు మెల్లగా నొక్కి పట్టి కొంత దూరం నడిపి డ్రమ్ములు ఆరబెట్టాలి.

ష్విమ్‌వాగన్ దాదాపు 900 కిలోలే, నీళ్లలో దీనికంటే చురుకు. కానీ దాని ప్రొపెల్లర్‌కు రివర్స్ లేదు, విడిభాగాల కోసం వెతుకులాట కూడా ఇంకా కష్టం. జీపీఏకు నేల మీద 5కి 4, నీళ్లలో రెండున్నర. అడుగు కుళ్లిన బండికైతే ఒకటి కూడా ఎక్కువే.

ఒడ్డున ఉన్నప్పుడు హల్ అడుగున నీళ్లు వదిలే రంధ్రాలకు బిగించే డ్రెయిన్ ప్లగ్గులు తీసి, దారం కట్టి స్టీరింగ్‌కు వేలాడదీయండి. అవి చేతికి తగులుతున్నంతసేపూ బండి నీళ్ల వైపు పోకూడదు.